నగ: అలంకారం, ఆస్తి, అమానత్

గడచిన రమజాన్ మాసంలో ఒక ఆదివారం సాయంత్రం కొండాపూర్‌లోని ఒక అపార్టుమెంటు సముదాయంలో జరిగిన ధార్మిక సమావేశానికి మమ్మల్ని ఆహ్వానించారు. హాజరైనవారిలో అత్యధికులు హైటెక్ సిటీ, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ కంపెనీలలో పనిచేసే యువ దంపతులు. ప్రసంగం ముగిశాక తెరకు అవతల కూర్చున్న సోదరీమణుల నుంచి ప్రశ్నల చీటీలు వచ్చాయి. వాటిలో ఒకటి ఇలా ఉంది:

"మౌలానా సాహెబ్! నా పెళ్ళికి మా అమ్మానాన్నలు, అత్తమామలు పెట్టిన నగలు మొత్తం 18 తులాలు. ఎనిమిదేళ్ళుగా అవి బ్యాంకు లాకరులోనే ఉన్నాయి. ఇన్నేళ్ళలో నేను వాటిని మూడు శుభకార్యాలకు మాత్రమే ధరించాను. ఇప్పుడు ఫ్లాటుకు అడ్వాన్సు కట్టడానికి వాటిని అమ్ముదామని మా వారు అంటున్నారు. ఆ నగలు ఎవరివి? వాటి జకాత్ ఎవరు చెల్లించాలి? అసలు పెట్టుకోని నగలు మనిషికి ఎందుకు?"

మొదటి రెండు ప్రశ్నలకు ధర్మశాస్త్ర గ్రంథాలలో స్పష్టమైన సమాధానాలున్నాయి. అవి ఆ సాయంత్రమే చెప్పాము. మూడవ ప్రశ్న మాత్రం మాతోపాటు ఇంటికి వచ్చింది. మనిషి నగను ఎందుకు కోరుకుంటాడో గ్రహిస్తేనే, ఆ నగపై అల్లాహ్ విధించిన హద్దులు ఎందుకో బోధపడతాయి. ఆ ఆలోచనలనే ఇక్కడ పాఠకుల ముందుంచుతున్నాము.

కొండాపూర్ నుంచి కొండాపూర్ వరకు

నగ మోజు నిన్న మొన్నటిది కాదు. మొరాకో దేశంలోని బిజ్మూన్ గుహలో చిన్న చిన్న సముద్రపు గవ్వలకు రంధ్రాలు చేసి గుచ్చిన పూసలు దొరికాయి. అవి సుమారు 1,42,000 నుంచి 1,50,000 సంవత్సరాల నాటివని పరిశోధకులు 2021లో ప్రకటించారు. మొహెంజొదారోలో లభించిన ప్రసిద్ధ కంచు బొమ్మలోని యువతి చేతి నిండా గాజులున్నాయి.

అంత దూరం వెళ్ళనక్కరలేదు. నేడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులతో నిండిపోయిన కొండాపూర్ పేరే గల మరొక ఊరు సంగారెడ్డి జిల్లాలో ఉంది. అది శాతవాహనుల కాలపు పట్టణం. నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ 1940-42 మధ్య అక్కడ తవ్వకాలు జరిపింది. నాణేలు, మట్టిబొమ్మలతోపాటు పూసలు, గాజులు బయటపడ్డాయి. వాటిని ధరించిన చేతులు మట్టిలో కలిసి దాదాపు రెండువేల సంవత్సరాలు గడిచాయి. పూసలు మాత్రం అక్కడి మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. నగ మనకన్నా ఎక్కువ కాలం బతుకుతుంది. ఈ ఒక్క సత్యాన్ని గుర్తుంచుకున్నా చాలు, నగకు యజమానులమన్న మన భ్రమ కొంత తగ్గుతుంది.

ఇంతకాలంగా, ఇన్ని జాతులు నగలు ధరించడానికి మూలకారణాలు మాకు నాలుగు కనిపిస్తున్నాయి: అందం, హోదా, రక్ష, ఆస్తి. ఇస్లాం ఈ నాలుగింటినీ ఒకే గాటన కట్టలేదు. ఒకదానిని అనుమతించింది, ఒకదానికి కళ్ళెం వేసింది, ఒకదానిని తిరస్కరించింది, ఒకదానిపై పేదల హక్కును నిలిపింది.

అందం: అల్లాహ్ అనుగ్రహం

అల్లాహ్ తన దాసుల కొరకు సృష్టించిన అలంకరణను నిషేధించే అధికారం ఎవరికుందని దివ్యఖుర్ఆన్ (7:32) సూటిగా ప్రశ్నిస్తుంది. సముద్రం నుంచి మనిషి వెలికితీసి ధరించే ఆభరణాలను అల్లాహ్ తన అనుగ్రహాల జాబితాలోనే పేర్కొన్నాడు (16:14). కనుక నగను చూసి ముఖం చిట్లించుకోవడం ధర్మనిష్ఠ కాదు.

ఒక ప్రయాణంలో హజ్రత్ ఆయిషా (రజి) తన అక్క అస్మా (రజి) వద్ద ఎరువు తెచ్చుకున్న హారం పోగొట్టుకున్నారు. ఆ హారాన్ని వెతకడానికి దైవప్రవక్త (స) మనుషులను పంపారు. నీళ్ళు లేని చోట నమాజు వేళయింది. ఆ సందర్భంలోనే తయమ్ముమ్ ఆదేశం అవతరించిందని సహీహ్ బుఖారీలో ఉంది. ఒక స్త్రీ నగ పోయిందంటే దానిని అల్పవిషయంగా దైవప్రవక్త (స) కొట్టిపారేయలేదు. ఆ హారం కారణంగా ప్రళయం వరకు ముస్లిములందరికీ ఒక సౌలభ్యం లభించింది.

మన హైదరాబాదులో ఈ అందానికి చిరునామా చార్మినార్ పక్కనున్న లాడ్ బజార్. లక్కను నిప్పుల సెగపై కరిగించి, గాజుగా మలిచి, వేడి ఆరకముందే చిన్న చిన్న రాళ్ళను ఒక్కొక్కటిగా చేత్తో పొదిగే పని అది. ఈ పనిలో ఉన్నవారిలో అనేకులు ముస్లిం కుటుంబాల వారే. హైదరాబాద్ లక్కగాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ గాజులకు బంగారమంత ఖరీదు లేదు, పండుగనాడు ఆడపిల్ల కళ్ళలో అవి తెచ్చే మెరుపు మాత్రం బంగారానికి తీసిపోదు. అందం కోసమే అయితే తులాల లెక్క అవసరం లేదని ఆ బజారు మనకు చెబుతూనే ఉంది.

ఒక్క హద్దు ఉంది. ఖుర్ఆన్ (24:31) స్త్రీలను తమ మరుగైన అలంకరణ తెలిసేలా కాళ్ళు నేలకు కొట్టి నడవవద్దని ఆదేశించింది. పట్టీలు ధరించడాన్ని ఆ వాక్యం నిషేధించలేదు. వాటి సవ్వడితో పరుల చూపును పిలవడాన్ని వారించింది.

హోదా: ఖారూన్ దారి

సైబర్ టవర్స్ 1998 నవంబరులో ప్రారంభమయ్యాయి. అక్కడి నుంచి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే గోల్కొండ కోట ఉంది. గోల్కొండ వజ్రమని లోకం పిలిచే వజ్రాలు ఆ కోటలో పుట్టలేదు. అవి కృష్ణాతీరాన కొల్లూరు వంటి గనులలో పుట్టి గోల్కొండ బజారులో అమ్ముడయ్యేవి. పదిహేడవ శతాబ్దంలో కొల్లూరును సందర్శించిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, పురుషులు, స్త్రీలు, పిల్లలు కలిపి 60,000 మంది అక్కడ పనిచేస్తున్నారని రాశాడు. ఆ గని నేడు పులిచింతల జలాశయపు నీళ్ళ కింద ఉంది. వజ్రాలు దేశదేశాల రాజుల కిరీటాలకు చేరాయి. తవ్వినవారి పేర్లు ఏ పుస్తకానికీ ఎక్కలేదు.

ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ కొన్న జాకబ్ వజ్రం బరువు సుమారు 184 క్యారెట్లు. ఆయన కుమారుడు మీర్ ఉస్మాన్ అలీఖాన్ దానిని బల్లపై కాగితాలు ఎగిరిపోకుండా ఉంచే బరువుగా వాడుకున్నారు. నిజాం నగలలో 173 వస్తువులను భారత ప్రభుత్వం 1995లో సుమారు 218 కోట్ల రూపాయలకు కొన్నది. ఆ తరువాత సాలార్‌జంగ్ మ్యూజియంలో వాటిని ప్రదర్శించినప్పుడు జనం బారులుతీరి చూశారు. ధరించిన రాజులు లేరు, రాజ్యమూ లేదు. మిగిలినవి అద్దాల వెనుక రాళ్ళు.

హోదా కోసం ధరించే నగ రాజులకే పరిమితం కాదు. ఉదయం తొమ్మిది గంటలకు రాయదుర్గం మెట్రో స్టేషనులో దిగే యువతీయువకుల మెడలను గమనించండి. హారం ఉండవలసిన చోట కంపెనీ పేరున్న పట్టీ, దానికి వేలాడే గుర్తింపు కార్డు కనిపిస్తాయి. పూర్వం మెడలోని నగ మనిషి ఎవరి ఇంటివాడో, ఎంత కలవాడో చెప్పేది. నేడు ఆ పనిని ఆ కార్డు చేస్తోంది. పెళ్ళి సంబంధం మాట్లాడేటప్పుడు కార్డు మీది కంపెనీ పేరు అడిగి, దాన్నిబట్టి తులాలు నిర్ణయించే దుస్థితికి చేరాము. వరుని జీతం పెరిగిన కొద్దీ వధువు తండ్రి మోయవలసిన బంగారం బరువు పెరగడం ఇస్లాం నేర్పిన పద్ధతి కాదు. మహర్‌గా ఇవ్వడానికి ఏమీ లేని పేదవానిని కనీసం ఇనుప ఉంగరమైనా వెతికి తెమ్మన్నారు దైవప్రవక్త (స). తెమ్మన్నది వరుణ్ణి, వధువు తండ్రిని కాదు.

ఖారూన్ వృత్తాంతం (28:76-81) మనకు తెలిసిందే. అతడు తన వైభవమంతా ప్రదర్శిస్తూ జనం మధ్యకు వచ్చాడు. ప్రాపంచికులు తమకూ అలాంటి భాగ్యం కలిగితే బాగుండునని నిట్టూర్చారు. జ్ఞానులు మాత్రం వారిని హెచ్చరించారు. చివరకు అతనినీ అతని ఇంటినీ భూమి మింగివేసింది. పెళ్ళి వీడియోలో నగల పెట్టెలను వరుసగా పేర్చి చూపేవారు, దానిని చూసి నిట్టూర్చేవారు ఈ వృత్తాంతంలో తమ స్థానమేమిటో వెతుక్కోవాలి.

దైవప్రవక్త (స) వారికీ ఒక ఉంగరం ఉండేది. ముద్రలేని లేఖను రాజులు స్వీకరించరని తెలిసి ఆయన వెండి ఉంగరం చేయించి దానిపై 'ముహమ్మద్ రసూలుల్లాహ్' అని చెక్కించారు. అది హోదా చాటుకునే నగ కాదు, పనికొచ్చే ముద్ర. పురుషులకు బంగారం నిషిద్ధం. ఒక వ్యక్తి వేలికి బంగారు ఉంగరం చూసి దైవప్రవక్త (స) దానిని తీసి పారవేశారు. ఆయన వెళ్ళిపోయాక, దానిని తీసుకుని మరో విధంగా వాడుకోమని తోటివారు సూచించినా, ఆ వ్యక్తి ముట్టుకోలేదని సహీహ్ ముస్లింలో ఉంది. నిశ్చితార్థంలో అల్లుని వేలికి బంగారు ఉంగరం తొడగడాన్ని మర్యాదగా భావించే కుటుంబాలు ఈ హదీసును ఒకసారి చదువుకోవాలి. వెండి ఉంగరంతోనూ మర్యాద దక్కుతుంది.

రక్ష: పూసలో లేని శక్తి

కీడు నుంచి కాపాడుతుందని నగను ధరించడం ప్రాచీన కాలం నుంచి అన్ని దేశాలలో ఉంది. పెద్ద చదువులు ఈ భయాన్ని పోగొట్టలేదు. రోజంతా కంప్యూటరు ముందు తర్కబద్ధంగా పనిచేసే మనిషి, ప్రమోషను కోసం వేలికి రంగురాయి పెట్టుకోవడం మనం చూస్తూనే ఉన్నాము. బైఅత్ కోసం వచ్చిన పదిమందిలో తాయెత్తు కట్టుకున్న ఒకనిని దైవప్రవక్త (స) ఆపి, అతడు దానిని తెంపివేసిన తరువాతే బైఅత్ స్వీకరించారు. ఖుర్ఆన్ వాక్యాలు రాసిన తావీజు విషయంలో పండితుల మధ్య భిన్నాభిప్రాయం ఉంది. కానీ రాయి, పూస, లోహం తమంతట తాము మేలు చేస్తాయని, కీడు తప్పిస్తాయని నమ్మరాదన్న విషయంలో భిన్నాభిప్రాయం లేదు.

మన ఇళ్ళలో పెళ్ళికూతురికి నల్లపూసల లచ్ఛా వేస్తారు. దానిని నగగా, ఆచారంగా ధరిస్తే అభ్యంతరం లేదు. అది తెగితే భర్త ఆయుష్షు తరుగుతుందని వణికిపోవడమే తప్పు. ఆయుష్షు అల్లాహ్ చేతిలో ఉంది, దారంలో లేదు.

ఈ అపనమ్మకం వల్ల ఎక్కువగా నలిగిపోతున్నది వితంతువులు. భర్త మరణిస్తే స్త్రీ నాలుగు నెలల పది రోజులు ఇద్దత్ పాటించాలని ఖుర్ఆన్ (2:234) నిర్ణయించింది. ఆ కాలంలో ఆమె అలంకరణకు దూరంగా ఉంటుంది. గడువు ముగిశాక గాజులు, కమ్మలు, రంగుల దుస్తులు అన్నీ ఆమెకు ధర్మసమ్మతమే. కానీ ముప్పై ఏళ్ళకే భర్తను కోల్పోయిన ఆడపిల్ల చేతులను జీవితాంతం బోసిగా ఉంచే ముస్లిం ఇళ్ళు నేటికీ ఉన్నాయి. అల్లాహ్ నాలుగు నెలల పది రోజులన్నాడు. దానిని నలభై ఏళ్ళకు పొడిగించే అధికారం మనకెవరిచ్చారు?

ఆస్తి: ఆమె సొత్తు

బ్యాంకులు లేని కాలంలో నగే బ్యాంకు. సంచారజీవులైన లంబాడీ స్త్రీలు తమ సంపదను వెండి నగలుగా ఒంటిమీదే మోసుకు తిరిగారు. ఇల్లు, పొలం మీద స్త్రీకి హక్కు ఇవ్వని సమాజాలలో సైతం నగ ఆమె చేతిలో మిగిలింది. కరువు వచ్చినా, కాపురం కూలినా ఆమెను ఆదుకున్నది అదే. పెట్టుకోని నగలు ఎందుకన్న సోదరి ప్రశ్నకు సగం సమాధానం ఇక్కడుంది. అవి కష్టకాలానికి దాచిన ధైర్యం. కనుకనే వాటి యజమాని ఎవరన్నది చాలా పెద్ద విషయం.

తల్లిదండ్రులు కూతురికి ఇచ్చినది కూతురి సొత్తు. మహర్‌గా వచ్చిన నగ ఆమె సొత్తు. అత్తవారు పెట్టినది కానుకగా ఇచ్చారా, వాడుకోవడానికి మాత్రమే ఇచ్చారా అన్నది వారి మాటనుబట్టి, ఆ కుటుంబాల ఆనవాయితీనిబట్టి నిర్ణయమవుతుంది. తగాదాలన్నీ పుట్టేది ఈ అస్పష్టత వల్లే. నికాహ్ రోజునే ఏ నగ ఎంత బరువు, ఎవరిచ్చారు, ఏ ఉద్దేశంతో ఇచ్చారు అని ఒక కాగితం మీద రాసి ఇరువైపుల పెద్దలు సంతకం చేస్తే ఎన్నో కుటుంబాలు బాగుపడతాయి. మన దేశంలో 1986 నాటి ముస్లిం మహిళల చట్టం కూడా, పెళ్ళికి ముందు, పెళ్ళిలో, ఆ తరువాత తనవారు గానీ భర్త తరఫువారు గానీ స్త్రీకి ఇచ్చిన ఆస్తి విడాకుల సమయంలో ఆమెకే చెందాలని చెబుతోంది.

మరి భర్త ఆ నగలతో ఫ్లాటు కొనకూడదా? భార్య మనస్ఫూర్తిగా ఇస్తే కొనవచ్చు. మహర్‌లో నుంచి స్త్రీలు సంతోషంగా వదులుకున్న భాగాన్ని అనుభవించవచ్చని ఖుర్ఆన్ (4:4) అనుమతించింది. ఆ సంతోషమే అక్కడి షరతు. మౌనాన్ని సంతోషంగా లెక్కకట్టరాదు. అప్పుగా తీసుకుంటే, అప్పును రాసుకోమన్న ఖుర్ఆన్ ఆదేశం (2:282) భార్యాభర్తలకూ మేలు చేసేదే. అమ్మిన బంగారం ఎన్ని గ్రాములో రాసుకోండి. లేదా ఆమె పెట్టిన సొమ్ము మేరకు ఫ్లాటులో ఆమె పేరు చేర్చండి.

ఈ విషయంలో దైవప్రవక్త (స) ఆచరణను మించిన పాఠం లేదు. బద్ర్ యుద్ధంలో ఆయన అల్లుడు అబుల్ ఆస్ బందీగా చిక్కారు. అప్పటికి ఆయన ఇస్లాం స్వీకరించలేదు. మక్కాలో ఉన్న హజ్రత్ జైనబ్ (రజి) భర్త విడుదల కోసం పరిహారంగా ఒక హారం పంపారు. అది పెళ్ళినాడు తల్లి హజ్రత్ ఖదీజా (రజి) ఆమెకు పెట్టిన హారం. దానిని చూడగానే దైవప్రవక్త (స) హృదయం ద్రవించింది. అయినా స్వయంగా నిర్ణయం తీసుకోలేదు. సహచరుల వైపు చూసి, మీకు సమ్మతమైతే ఆమె బందీని విడిచి, ఆమె సొత్తును ఆమెకు తిరిగి పంపుదామని కోరారు. వారు సమ్మతించారు. సునన్ అబూదావూద్‌లోని ఈ ఉదంతంలో నగలోని మమత ఉంది, భర్త కోసం భార్య ఇష్టపూర్వకంగా చేసిన త్యాగం ఉంది, ఆమె సొత్తు ఆమెకు చేరాలన్న న్యాయం ఉంది.

అమానత్: పేదల భాగం

ఆస్తి అన్న తరువాత దానికొక బాధ్యత ఉంటుంది. ఒక స్త్రీ తన కుమార్తెతో దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చింది. ఆ బాలిక చేతికి రెండు లావుపాటి బంగారు గాజులున్నాయి. వీటికి జకాత్ ఇస్తున్నావా అని ఆయన అడిగారు. లేదని ఆమె చెప్పింది. వీటి బదులు ప్రళయదినాన అగ్ని గాజులు తొడగడం నీకు ఇష్టమేనా అన్న అర్థం వచ్చేలా ఆయన ప్రశ్నించగానే, ఆమె రెండు గాజులూ తీసి సమర్పించింది.

ఈ హదీసు తదితర ఆధారాలతో ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) ధరించే నగలకు సైతం జకాత్ విధి అన్నారు. ఇమామ్ మాలిక్, ఇమామ్ షాఫియీ, ఇమామ్ అహ్మద్ (రహ్మ) వారి ప్రకారం స్త్రీ ధరించడానికి ఉంచుకున్న ధర్మసమ్మతమైన నగలపై జకాత్ లేదు. బార్కస్ వంటి చోట్ల షాఫియీ కుటుంబాలున్నాయి. వారు తమ పండితుల మాట అనుసరిస్తారు. మన ప్రాంతంలో అత్యధికులు హనఫీలు కనుక లెక్క ఇలా ఉంటుంది.

బంగారానికి నిసాబ్ ఏడున్నర తులాలు. ఇది పాత తులం, దాని బరువు 11.664 గ్రాములు. అంటే 87.48 గ్రాములు. నేడు నగల దుకాణాలలో తులమంటే 10 గ్రాములు. ఆ లెక్కన నిసాబ్ సుమారు ఎనిమిది ముప్పావు తులాలు అవుతుంది. వెండి నిసాబ్ 612.36 గ్రాములు. బంగారం నిసాబ్‌కు తక్కువైనా, దానితోపాటు నగదు లేక వెండి ఉండి, మొత్తం విలువ వెండి నిసాబ్‌కు చేరితే జకాత్ వర్తిస్తుంది. చాంద్రమాన సంవత్సరం పూర్తయ్యాక రెండున్నర శాతం చెల్లించాలి. వ్యాపారానికి కాని వజ్రాలు, ముత్యాలపై జకాత్ లేదు. చెల్లించవలసింది నగ యజమాని, అంటే భార్య. ఆమె అనుమతితో భర్త చెల్లించవచ్చు.

ఆ సోదరి 18 తులాలు 180 గ్రాములు. ఆ మొత్తం ఆమె సొత్తే అయితే ఒక ఏడాది జకాత్ నాలుగున్నర గ్రాముల విలువ. ఎనిమిదేళ్ళుగా చెల్లించలేదు కనుక, ఏ ఏడాది బాకీని ఆ ఏడాది తగ్గిస్తూ లెక్కిస్తే దాదాపు 33 గ్రాములు. మూడు తులాలకు పైగా పేదల సొమ్ము ఆ లాకరులో ఆమె సొమ్ముతో కలిసి ఉందన్నమాట. చేతిలో నగదు లేదని చాలామంది సోదరీమణులు వాయిదా వేస్తారు. ఒక పండుగనాడు దైవప్రవక్త (స) స్త్రీలను దానానికి ప్రోత్సహించినప్పుడు, వారు నగదు కోసం వెతకలేదు. చెవికమ్మలు, ఉంగరాలు తీసి హజ్రత్ బిలాల్ (రజి) పరచిన వస్త్రంలో వేశారు.

పండుగ తరువాత ఆ సోదరి భర్త మాకు ఫోను చేశారు. దంపతులిద్దరూ నగలు తూకం వేయించారట. అత్తమామలను అడిగితే, తాము పెట్టినవి కోడలికి కానుకగానే ఇచ్చామని చెప్పి సంతకం చేశారట. ఆమె ఒక హారం అమ్మి పాత జకాత్ బాకీ తీర్చారు. మిగిలినవాటిలో కొన్ని ఫ్లాటు కోసం భర్తకు అప్పుగా ఇచ్చారు, గ్రాముల లెక్క రాసుకున్నారు. తల్లి పెట్టిన కమ్మలు మాత్రం లాకరు నుంచి ఇంటికి తెచ్చుకుని ఈద్ నాడు పెట్టుకున్నారు.

సోదరీమణులారా! మూసా (అలై) జాతివారు తమ నగలతోనే ఆవుదూడ విగ్రహం చేసుకున్నారు (7:148). మదీనా స్త్రీలు తమ నగలతో పరలోకానికి పెట్టుబడి పెట్టుకున్నారు. ఇద్దరి చేతిలోనూ ఉన్నది నగలే. మీ లాకరు తాళంచెవి మీ చేతిలోనే ఉంది. ఈ ఏడాది రమజాన్ రాకముందే ఒకసారి దానిని తెరవండి, తూకం వేయించండి, పేదల భాగాన్ని వేరు చేయండి. మిగిలిన దానిని నిశ్చింతగా ధరించండి.

అల్లాహ్ మన సంపదను పరిశుద్ధపరచి, మన అలంకరణను తనకు నచ్చినదిగా చేయుగాక! ఆమీన్.